డాలరుకో ఫొటో

1890ల్లో సియాటిల్ రేవు వీధుల్లో కికిసోబ్లు అనే ముసలామెను ఎరగనివాళ్లు లేరు. తలకు కట్టిన గుడ్డ, భుజాల మీద శాలువా, చేతిలో కర్ర. ఏ డువామిష్ తెగ నాయకుడి పేరు ఆ ఊరికి పెట్టారో ఆయన కూతురే ఆమె. తెల్లవాళ్లు ఆమెను ఏంజలీన్ అన్నారు, యువరాణి అన్నారు. ఆ యువరాణి వాళ్లిళ్లలో బట్టలుతికి పొట్ట పోసుకునేది.

1855 ఒప్పందంతో డువామిష్‌ల భూములు చేజారాయి. 1865లో ఊరి పాలకమండలి మరీ తెగించింది. తెల్ల యజమాని దగ్గర పనిచేస్తూ అతను చూపిన చోట తలదాచుకుంటే తప్ప ఆదివాసులెవరూ సియాటిల్‌లో కాపురం ఉండకూడదని శాసనం చేసింది. సొంత నేల మీద నిలవాలన్నా ఎవరికో ఒకరికి చాకిరీ చెయ్యాల్సిందే! ఏంజలీన్ మాత్రం ఆదివాసులకు కేటాయించిన ప్రాంతానికి (రిజర్వేషన్‌కు) పోలేదు. సముద్రపొడ్డున చెక్క గుడిసెలోనే ఉండి, 1896లో కన్నుమూసింది.

ఆ చివరి రోజుల్లోనే ఊళ్లో స్టూడియో నడిపే ఎడ్వర్డ్ కర్టిస్ ఆమెను ఫొటోలు తీశాడు. ఫొటోకో డాలరు ఇచ్చానని, ఆల్చిప్పలు తవ్వుకోవడం కన్నా ఇదే నయమని ఆమె సంబరపడిందని తర్వాత చెప్పుకున్నాడు. అంటే కెమెరా ముందు కదలకుండా ఉండడం కూడా ఆమెకు కూలిపనే. ఫొటో చూసేవాళ్లకు ఆ పని కనబడదు.

కర్టిస్‌కు పేరు తెచ్చిన తొలి చిత్రాల్లో ఒకటి ‘ఆల్చిప్పలు తవ్వే మనిషి’. ఆటు వేళ తడి ఒడ్డు, నడుం వంచి కర్రతో తవ్వుతున్న స్త్రీ, పక్కన బుట్ట. ముఖం తెలియదు, శీర్షికలో పేరు లేదు. 1898లో ప్రదర్శనకు ఎంపికైంది ఇలాంటి చిత్రాలే, ఉతుకుతొట్టి కాదు. చిత్రం అందమైనదే, కాదనలేం. కానీ పట్నంలో తమతోపాటే బతుకుతున్న పనిమనిషిని చూడాల్సిన కళ్లకు, అది ఏనాటిదో పాతకాలాన్ని చూపించింది.

తర్వాత కర్టిస్‌కు అదే పద్ధతి అయింది. ఆదివాసుల ఫొటోలతో అతను తలపెట్టిన పుస్తకాలకు 1906లో బ్యాంకర్ జె.పి. మోర్గన్ 75,000 డాలర్లు ఇస్తానన్నాడు. 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలు వచ్చాయి. 1910లో పీగన్ తెగవాళ్ల గుడారంలో తీసిన ఫొటోలో ఒక గడియారం ఉంటే, దాన్ని చెరిపేసి అచ్చేశారు. 1914లో కెనడా పశ్చిమ తీరంలో కర్టిస్ తీసిన సినిమా కోసం క్వాక్వాకవాక్వ్ జనానికి, వాళ్లు అప్పటికే మానేసిన దేవదారు నార బట్టలు కట్టించారు.

1970ల్లో ఆ సినిమాను మళ్లీ కూర్చినప్పుడు మాటలూ పాటలూ ఆ జనమే తమ భాషలో పలికారు.