సొంత పైసలతో అచ్చేస్తే చులకనా?

ఖాజాగూడ పేరులోనే ఖాజా ఉన్నాడు. గుట్ట మీద ఫక్రుద్దీన్ ఔలియా దర్గా. చుట్టూ అద్దాల మేడలు. పక్కనే రాయదుర్గంలో 2022లో టీ-హబ్ కొత్త భవనం తెరిచారు. అలాంటి చోట ఒక పిల్లగాడు ఉన్న పైసలన్నీ పోసి కంపెనీ పెడితే సాహసి అంటున్నాం. అవే పైసలతో కవితా సంపుటి అచ్చేస్తే మాత్రం ‘ఎవరూ వెయ్యక తనే వేసుకున్నాడు’ అని పెదవి విరుస్తున్నాం.

ఈ చులకన పుస్తకానికే ఎందుకు? బి. నర్సింగరావు నిర్మాతగా 1979లో ‘మా భూమి’ తీస్తే, పెద్ద స్టూడియో వెనక లేదని ఎవరూ తక్కువ చేయలేదు. శిల్పారామంలో తన బట్ట తానే అమ్ముకునే నేతగాణ్ణి గౌరవిస్తాం. దర్గా ముందు పాడే ఖవ్వాల్‌ని ‘నిన్ను ఏ కంపెనీ ఎంపిక చేసింది?’ అని అడగం. పాట వింటాం, అంతే.

రచయితల దగ్గర పైసలు గుంజి అచ్చేసే సంస్థల్ని పడమటి దేశాల్లో ‘వానిటీ ప్రెస్’ అన్నారు. ఆ మచ్చ రచయితలందరికీ అంటింది. కానీ అక్కడి విట్మన్ 1855లో తన కవిత్వాన్ని తానే అచ్చేసుకున్నాడు. 1858లో గాలిబ్ ‘దస్తంబూ’ను ఆగ్రాలో అచ్చు వేయించుకుంటూ కాగితం గురించీ జిల్దు గురించీ దోస్తులకు ఉత్తరాలు రాశాడు. మన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1930లలో రాసిన కవిత్వం. 1950లో నళినీకుమార్ పూనుకుంటే గాని పుస్తకం కాలేదు.

తెలుగులో కవిత్వానికి పైసలు పెట్టే ప్రచురణకర్త ఎప్పుడూ అరుదే. కాగితం కొనేది కవి, ప్రూఫులు దిద్దేది కవి. ‘ప్రతులకు’ అన్నచోట ఉండేది కవి ఇంటి అడ్రసే. అందరికీ ఇదే దారి అయినప్పుడు నింద ఎవరి మీద?

ముస్లిం రచయితకు ఈ ప్రశ్న ఇంకా సూటిగా తగులుతుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1998లో స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’, 2004లో నసల్ కితాబ్ ఘర్ నుంచి ‘వతన్’ కథలు వచ్చాయి. నసల్ కితాబ్ ఘర్ పెద్ద వ్యాపార సంస్థ కాదు, రచయితలే నిలబెట్టుకున్నది. మన ఇళ్ల భాష, మన అమ్మీల గోస, మన మీద పడ్డ అనుమానం మరొకరు అచ్చేస్తారని కూర్చుంటే ఎంతకాలం కూర్చోవాలి? అచ్చుకాని బతుకు చరిత్రలో లేనట్టే లెక్క. రేపు మన పిల్లలు తమ వజూద్‌ను ఎక్కడ వెతుక్కోవాలి?

సొంత అచ్చులో లోపాలు లేవా? ఉన్నాయి. ఎడిటర్ ఉండడు, తప్పులు మిగులుతాయి, తీసెయ్యాల్సిన కవిత కూడా ఉండిపోతుంది. దానికి మందు సిగ్గుపడటం కాదు. ఒకరి రాతప్రతిని ఇంకొకరు నిర్దయగా చదవాలి, దిద్దాలి. పైసలు ఎవరివన్నది రసీదుకు సంబంధించిన సంగతి. పుస్తకం మంచిదా కాదా అన్నది చదివితేనే తేలాలి.