వేటగాడి కాళ్ల కింది కుందేలు

సంక్రాంతికి వనపర్తి వెళ్తే, గద్వాల నుంచి వచ్చిన మా మేనల్లుడు రాత్రి పదింటికి నన్ను మిద్దె మీదికి లాక్కెళ్లాడు. శాలువా కప్పుకున్నా వణుకే. వాడు స్టాండుకి సెల్‌ఫోన్ బిగించి ఆకాశంలోకి తిప్పి, "పది సెకన్లు కదలకత్తా" అన్నాడు.

ఫోటోలో ఓరియన్ పడింది! మా అమ్మ గొల్లకావడి అని చూపించే మూడు చుక్కలు, పైన ఎర్రగా ఆరుద్ర. అలాంటివి నలభై తీసి, ముప్ఫై తొమ్మిది తుడిచేశాడు. బాగా రాలేదట.

"ఆ వేటగాడి కాళ్ల కింద కుందేలుంది, చూశావా? దాన్ని మన హైదరాబాదు వాళ్లు ఎప్పుడో ఫోటో తీశారు" అన్నాను. వాడు నమ్మలేదు. మీరూ నమ్మరేమో!

1887లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, ఆకాశమంతా ఫోటోలు తీయాలని, అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు దాన్ని వేధశాలలకి పంచారు. ఇక్కడ నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. 1907లో ఆయన పోయాక, 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే నిజామియా వేధశాల. ఖగోళ మధ్యరేఖకి దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చింది. చివరికి మనవాళ్ల వంతయింది. ఆ పట్టీలోనే ఉంది కుందేలు.

ఎనిమిదంగుళాల దూరదర్శినికి గాజుపలక బిగించి, చుక్కలతో పాటు దాన్నీ మెల్లగా కదిలిస్తూ తీయాలి. ఆ తర్వాత అసలు చాకిరీ. పలక మీది గళ్లని బట్టి, సూక్ష్మదర్శినిలో ఒక్కో చుక్క చోటూ కొలిచి అంకెలు వేయాలి. 1914లో మొదలుపెడితే ఈ పట్టీ ఫోటోలకే 1929 దాకా పట్టింది. 1918 నుంచి 1944 దాకా డైరెక్టరుగా టి.పి. భాస్కరన్ గారు దీన్ని నడిపించారు. ఉత్తరాన మరో పట్టీ కూడా నెత్తికెత్తుకుని, మొత్తం 12 సంపుటాల్లో 7 లక్షల 63 వేలకి పైగా చుక్కల్ని లెక్క కట్టారు.

"ఆ అంకెలు ఎవరు చదివారత్తా?"

నా గుండెలో కలుక్కుమంది. నా నవలల గురించి నేనూ అదే అడుక్కుంటున్నాను. మొదటి నవల ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకదు.

చాలా ఏళ్లు వాటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదురా అన్నాను. 1989లో యూరప్ వాళ్లు హిప్పార్కస్ ఉపగ్రహాన్ని పంపి చుక్కల్ని మళ్లీ కొలిచారు. కొత్త చోటు తెలిసింది. మరి చుక్క ఎంత జరిగిందో తెలియాలంటే పాత చోటు తెలియొద్దూ? అప్పుడు దేశదేశాల పాత సంపుటాలూ దుమ్ము దులుపుకుని బయటికొచ్చాయి. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల చుక్కలున్నాయి. వాటి నడకలు కట్టడానికి వాడిన పాత కొలతల్లో హైదరాబాదు లెక్కలూ ఉన్నాయి. కొలిచినవాళ్లు ఆ రోజు చూడలేదు.

వాడు కాసేపు మాట్లాడలేదు. మళ్లీ స్టాండు సర్ది, ఈసారి కుందేలు వైపు తిప్పాడు. ఫోటో కాస్త మసకగానే వచ్చింది. తుడిచేస్తాడేమో అని చూశాను. తుడవలేదు.

కిందికి దిగి నేను బల్ల సొరుగులోంచి సగంలో ఆపేసిన నవల బయటికి తీశాను.