ధనలోభుడూ, స్క్రూజూ

చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కేరల్’ 1843 డిసెంబరు 19న లండన్‌లో విడుదలైంది. క్రిస్మస్ ముందురోజుకల్లా ఆరు వేల ప్రతులూ చెల్లిపోయాయి. స్క్రూజ్ అనే పరమ పిసినారి దగ్గరికి ఏడేళ్ల కిందట చచ్చిన వ్యాపార భాగస్వామి మార్లీ దయ్యమై వస్తాడు. నడుముకి గొలుసు, ఆ గొలుసుకి డబ్బుపెట్టెలు, తాళాలు, లెక్కల పుస్తకాలు. ఆ వెనక మరో మూడు భూతాలు వచ్చి స్క్రూజ్‌కి గడిచినదీ, జరుగుతున్నదీ, జరగబోయేదీ చూపిస్తాయి. తెల్లారేసరికి మనిషి మారిపోతాడు. ఇన్నేళ్లయినా ఈ కథ పాతబడకపోవడానికి డికెన్స్ హాస్యాన్నీ, కుంటి పిల్లాడు టిమ్ పెట్టించే కన్నీళ్లనూ కారణాలుగా చెబుతుంటారు. అవి చాలవు. ఆ హాస్యం గానీ, ఆ పిల్లాడు గానీ లేకుండానే దాదాపు ఇలాంటి కథ గోదావరి పాయల నడుమ కోనసీమలో ఏటా చలి మొదలయ్యే వేళకి వినిపిస్తూనే ఉంది. కాబట్టి అసలు కారణం కథ చెప్పే నేర్పులో కాక కథ కట్టుబడిలో ఉండాలి.

ఆ కథ కార్తీక పురాణంలోది. దానికి ముప్ఫై అధ్యాయాలు, నెలకి సరిగ్గా రోజుకొకటి. మూడో రోజు కథలో గోదావరి ఒడ్డున మర్రిచెట్టు మీద ముగ్గురు బ్రహ్మరాక్షసులుంటారు. వాళ్లలో ఒకడు బతికుండగా లోభి, ఇంటికొచ్చిన అతిథిని కొట్టి గెంటినవాడు. ఇంకొకడు కన్న తల్లిదండ్రులకి తిండి పెట్టనివాడు. నదీస్నానానికి వచ్చిన తత్వనిష్ఠుడనే బ్రాహ్మడు తన స్నానఫలం ధారపోస్తే వాళ్లకి విముక్తి కలుగుతుంది. పదహారో రోజు కథ స్క్రూజ్‌కి ఇంకా దగ్గర. మతంగ మహర్షి ఆశ్రమంలో ఒక ఎండు మొద్దుని స్తంభంగా పాతి, పైన దీపం పెట్టి మునులు పురాణం వింటుంటే ఆ స్తంభం ఫటఫటా పగిలి అందులోంచి ఒక మనిషి బయటికొస్తాడు. పేరు ధనలోభుడు. తాను ఎత్తు పీట మీద కూర్చుని వచ్చినవాళ్లని నేలమీద కూర్చోబెట్టిన జమీందారు, చేసిన పాపానికి మోడై పడున్నవాడు. కోనసీమ గుళ్లలో ఇప్పటికీ ఆ నెలంతా చిల్లుల పాత్రలో ఒత్తి వెలిగించి, తాడుతో ధ్వజస్తంభం పైకి లాగి ఆకాశదీపం కడతారు. కథ విన్నవాడు బయటికొచ్చి తలెత్తితే స్తంభం మీద దీపం కనిపిస్తుంది.

రెండు కథల్లోనూ దయ్యం చేసే పని ఒక్కటే, ఆలస్యమైపోయిందని చెప్పడం. మార్లీ తన గొలుసు తాను విప్పుకోలేడు. కథ చివరికి కూడా అతనికి మోక్షం లేదు. మర్రిచెట్టు మీది రాక్షసులు కూడా తమంతట తాము ఏమీ చేసుకోలేరు, ఎవరో ఒకరు పుణ్యం దానం చెయ్యాలి. చచ్చినవాడికి గడువు తీరిపోయింది, వినేవాడికి తీరలేదు. పురాణంలో ఆ వినేవాడు అరుగు మీద కూర్చుని ఉంటాడు. డికెన్స్ అతన్ని తీసుకెళ్లి కథలోనే పెట్టి స్క్రూజ్ అని పేరు పెట్టాడు. పైగా కథకి తిథి ఉంది. వినడం పూర్తయ్యేసరికి పండగో, ఉసిరిచెట్టు కింద సమారాధనో ఎదురుగా ఉంటుంది. మారాలంటే ఈ పూటే పెట్టాలి. తిథి లేని నీతికథలు ఎన్నో మరుగున పడ్డాయి.

ఇంత సులువా పాపాలు పోవడం, ఒక్క మునకకీ, స్క్రూజ్ గుమాస్తా ఇంటికి పంపిన ఒక్క టర్కీ కోడికీ కడుక్కుపోతాయా అనేది పాత ఆక్షేపణ. దానికి జవాబు పైనే ఉంది: మునక వేసినవాడు పాపి కాదు, దీపం పెట్టినవాడు లోభి కాదు. అంతకంటే గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ఆకలి తీర్చేది దానం కాదు, ఏర్పాటు అంటారు. చరిత్ర చాలావరకు వాళ్ల పక్షమే. 1833 కరువూ, తుపాన్లూ కలిసి రాజమండ్రి జిల్లాని ఊడ్చేశాయి. 1821లో ఏడు లక్షల ముప్ఫై ఎనిమిది వేలున్న జనాభా 1841కి అయిదు లక్షల అరవై ఒక్క వేలకి పడిపోయింది. డికెన్స్ పుస్తకం బయటికొచ్చిన మూడు నెలలకే, 1844 మార్చిలో, సర్ హెన్రీ మాంట్‌గోమరీ ఈ జిల్లా దుస్థితి మీద నివేదిక ఇచ్చాడు. ఆ దారినే ఇంజినీరు కాటన్ వచ్చాడు, 1852కి ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. లంకల్లో, కోనల్లో అన్నం పుట్టించింది కాలవ నీళ్లే, కథలు కావు.

నిజమే. కానీ ఏర్పాటు చెయ్యనివ్వని సిద్ధాంతం కూడా ఒకటి ఆనాడు రాజ్యమేలింది. చచ్చేవాళ్లు చస్తే జనాభా తగ్గుతుందని స్క్రూజ్ చేత డికెన్స్ అనిపించింది ఆ జనాభా సిద్ధాంతం చెప్పిన మాల్థస్‌ని ఎత్తిపొడవడానికే. ఆ మాల్థస్ 1805 నుంచి 1834లో పోయేదాకా హెయిలీబరీలో, ఈస్టిండియా కంపెనీ కొలువుకి మన దేశం వచ్చే కుర్రాళ్లకి అర్థశాస్త్రం చెప్పిన మేష్టారు. అలాంటి లెక్కని కదిలించడానికి ఇంకో లెక్క చాలదు, దయ్యం కావాలి. పైగా స్క్రూజ్ దానంతో ఆగలేదు, గుమాస్తా క్రాచిట్‌కి జీతం పెంచాడు. ఆ గుమాస్తా వారానికి సంపాదించేది పదిహేను షిల్లింగులు. పుస్తకం వెల అయిదు! క్రాచిట్ కథ క్రాచిట్ కొనుక్కోలేడు.

పురాణంలో నాకు లోటనిపించేది అలాంటి జీతగాడు లేకపోవడమే. ధనలోభుడు అవమానించినవాళ్లు అతిథి విప్రులు; పొలంలో పనిచేసిన పాలేరు ఆ కథలోకే రాడు. ఎవరికి పెట్టాలన్న గీత ఎక్కడ గీశారో తెలుస్తూనే ఉంది. ఆ గీత చెరపడం కథ వల్ల కాలేదు, ఒక మనిషి వల్ల కొంత అయింది. మండపేటలో 1841లో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చిన డొక్కా సీతమ్మ కులం, వేళ అడక్కుండా వచ్చినవాళ్లందరికీ వండి పెట్టింది. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరిన ఆవిడ, దారిలో ఎవరో ఆకలిగొన్నవాళ్లు సీతమ్మగారింటికి చేరితే చాలనుకోవడం విని, వెనక్కి తిరిగి వచ్చేసిందని జనం చెప్పుకుంటారు. జరిగినా జరగకపోయినా, కోనసీమ ఈ కథని దాచుకున్న తీరు గమనించదగ్గది: ఇందులో దయ్యం లేదు, శాపం లేదు, పుణ్యక్షేత్రం కంటే పెట్టే చెయ్యి ముందు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో అడిగారన్న ముచ్చటే మనవాళ్లకి ఎక్కువ ఇష్టం, అది వేరే సంగతి.

సీతమ్మ 1909లో పోయింది. వైనతేయ మీది అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆవిడ పేరే పెట్టింది.