గంట కొట్టేది ఎవరు?

పోయిన వేసవిలో మా అత్తయ్యను తీసుకుని పది రోజులు ఒక ప్రకృతి చికిత్సాలయంలో ఉండి వచ్చాను. పొద్దున్నే గంట కొట్టేవారు, గోరువెచ్చని నీళ్ళు వచ్చేవి. ఇంకో గంటకి మట్టి పట్టీ, మరో గంటకి పళ్ళరసం. పదో రోజుకి అత్తయ్య మోకాళ్ళ మాటే మర్చిపోయింది. నాకైతే అన్నిటికంటే సుఖంగా అనిపించింది ఒకటే. ఆ పది రోజుల్లో "ఈ పూట ఏం వండుతున్నావ్?" అని ఒక్కరు కూడా అడగలేదు.

ఇంటికొచ్చాక అదే పద్ధతి పెడదామనుకున్నాను. నాలుగు రోజులు సాగింది. అయిదో రోజు అత్తయ్య, "అక్కడే బాగుండేదే అమ్మాయ్" అంది. ఆ మాటకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఎప్పుడో చదివిన ఒకావిడ సంగతి గుర్తొచ్చింది. ఆవిడ పేరు ఎల్లా ఈటన్ కెల్లాగ్.

కెల్లాగ్ అనగానే మీకు కార్న్‌ఫ్లేక్స్ డబ్బా గుర్తొస్తుంది కదా. ఆ ఇంటావిడే. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో బ్యాటిల్ క్రీక్ అనే ఊరుంది. అడ్వెంటిస్టు క్రైస్తవులు 1866లో అక్కడ ఒక ఆరోగ్యాలయం పెట్టారు. పదేళ్ళ తర్వాత, 1876లో, జాన్ హార్వీ కెల్లాగ్ అనే కుర్ర డాక్టరు చేతికి అది వచ్చింది. ఆయన దాన్ని దేశమంతా చెప్పుకునే చోటుగా చేశాడు. నీళ్ళ చికిత్సలు, వ్యాయామం, బల్బుల పెట్టెలో కూచోబెట్టి చెమట పట్టించడం, అన్నీ వేళకే. మాంసం లేదు, టీ కాఫీలు లేవు. హెన్రీ ఫోర్డ్ లాంటివాళ్ళు కూడా వెళ్ళి ఉండి వచ్చారు.

ఎల్లా ఆ ఊరికి చుట్టపుచూపుగా వచ్చింది. అప్పుడే అక్కడ టైఫాయిడ్ చెలరేగింది. రోగులకు సేవ చేస్తూ ఉండిపోయింది, 1879లో డాక్టరుగారినే పెళ్ళి చేసుకుంది. సొంత పిల్లలు లేరు గానీ నలభై మందికి పైగా పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని పెంచారు. నలభై మంది! ఇద్దరికి టిఫిన్ బాక్సు కట్టేసరికే నాకు తల ప్రాణం తోకకొస్తుంది.

ఆరోగ్యాలయంలో అసలు చిక్కు తిండి దగ్గరే వచ్చింది. మసాలా లేని ఆ చప్పిడి కూడు ఎన్నాళ్ళు తింటారు పాపం? డాక్టరుగారు ఏది తినాలో, ఏది తినకూడదో చెప్పగలడు. ఒప్పుకున్న నాలుగు వస్తువులతోనే నోటికి హితవుగా వండటం మాట? ఆ పని ఎల్లా మీద పడింది. 1880ల్లో ఒక ప్రయోగాల వంటగది పెట్టి గింజలు, పప్పులు, పళ్ళు, కూరలు రకరకాలుగా వండి చూసింది. వంట నేర్పే బడి కూడా నడిపింది. 1894లో ఉడికించి వదిలేసిన గోధుమల్ని రోలర్ల మధ్య నలిపితే రేకులుగా రాలిన కథ చాలామందికి తెలిసిందే. ఆ పనిలో డాక్టరుగారి తమ్ముడు విల్‌తో పాటు ఈవిడ చెయ్యి కూడా ఉంది. పేటెంటు మాత్రం డాక్టరుగారి పేరనే వచ్చింది. తమ్ముడు 1906లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు, చక్కెర కలిపాడు, అన్నదమ్ములు కోర్టుకెక్కారు. డబ్బా మీద ఎల్లా పేరు ఎక్కడా లేదు.

ఆ డబ్బా 1994లో మన దేశానికీ వచ్చింది. మనవాళ్ళేమో అలవాటుగా వేడి పాలు పోశారు, రేకులు మెత్తగా జావ అయిపోయాయి. మా ఇంట్లో కూడా మొదటి గిన్నె గేదె కుడితిలోకే పోయింది.

నాకు ఎల్లా నచ్చింది కార్న్‌ఫ్లేక్స్ వల్ల కాదు, 1892లో ఆవిడ రాసిన లావుపాటి వంటపుస్తకం వల్ల. ఆరోగ్యాలయం వంట ఇంట్లో చేసుకునేవాళ్ళ కోసం రాసింది. అందులో వంటలకంటే ముందు వంటగది సంగతి ఉంటుంది. ఇంటికి వెనక ఏదో చీకటి కొట్టు చాలనుకుంటారు గానీ, ఇల్లాలు రోజంతా గడిపేది అక్కడే కాబట్టి గాలీ వెలుతురూ బాగా ఉండాలంటుంది. గది మరీ పెద్దదైనా నడకతో కాళ్ళు అరుగుతాయట, సామాను చేతికి అందేలా సర్దుకోవాలట. చివర్లో ఏడాది పొడుగునా ఏ వారం ఏం వండాలో పట్టికలు వేసి ఇచ్చింది. అంటే "ఈ పూట ఏం వండాలి" అన్న ప్రశ్నకి ముందే జవాబు రాసిపెట్టిందన్నమాట. చికిత్సాలయంలో నాకు సుఖమనిపించింది సరిగ్గా అదే.

అయితే ఒక మాట. ఆరోగ్యాలయంలో ఆ పద్ధతి నడవడానికి వందలాది మంది జీతగాళ్ళు ఉండేవారు. పుస్తకం కొనుక్కున్న ఇల్లాలికి ఉన్నది రెండు చేతులే. ఎల్లా ఈ మాట గట్టిగా అనలేదని నాకు కొంచెం కోపం. డాక్టరుగారి మీద అంతకంటే ఎక్కువ కోపం ఉంది. తర్వాతి రోజుల్లో ఆయన మనుషుల్లో మేలు రకం, నాసి రకం అంటూ జాతిని బాగుచేసే సంస్థ ఒకటి పెట్టి పరువు పోగొట్టుకున్నాడు. ఎల్లా 1920లో పోయింది. 1928లో ఆరోగ్యాలయానికి పదిహేను అంతస్తుల మేడ కట్టారు. మరుసటి ఏడాదే మార్కెట్టు కూలింది, వచ్చేవాళ్ళు తగ్గారు, అప్పులు మిగిలాయి. 1942లో ఆ భవనాన్ని సైన్యం ఆసుపత్రి కోసం కొనేసింది.

అత్తయ్యకి ఇదంతా చెప్పాను. విని, "అయితే ఆ గంట నేను కొడతాలే" అంది. ఇప్పుడు ఆదివారం సాయంత్రం క్యాలెండరు వెనక వారం వంటలు ఆవిడే రాస్తుంది. మావయ్యగారు కూరలు తరుగుతారు, ముక్కలు మాత్రం బొంగరాలంత ఉంటాయి. పొద్దున నీళ్ళు కాచడం మావారి వంతు. బుధవారం గడిలో అత్తయ్య మూడు వారాలుగా కాకరకాయే రాస్తోంది, అది మాత్రం ఇంకా తేలలేదు.