గింజ మన చెలకది, పేరు మాత్రం సీసా మీద లేదు



మేము అల్వాల్‌లో రూం తీసుకొని చదువుకుంటున్నోళ్లం. మాలో ఇద్దరిది దేవరకొండ వైపు తండా, ఒకరిది అచ్చంపేట, ఇంకొకరిది నారాయణపేట దగ్గర. మొన్న ఒక ఆదివారం రూంలో ఉన్న సబ్బు, షాంపూ, ముఖానికి రాసే క్రీము, పెదాలకు పూసే బామ్ అన్నీ ముందేసుకొని, వెనకాల చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదివాం. ఒకదాని మీద 'రిసినస్ కమ్యూనిస్ సీడ్ ఆయిల్', ఇంకోదాని మీద 'హైడ్రోజినేటెడ్ క్యాస్టర్ ఆయిల్', మరోదాని మీద 'పెగ్-40' అని మొదలయ్యే పెద్ద పేరు. ఫోన్‌లో వెతికితే తేలింది. మూడూ ఆముదం నుంచి వచ్చినవే.

అదే రూంలో, ఇంటి నుంచి వచ్చేటప్పుడు యాడి కట్టిచ్చిన ఆముదం సీసా ఒకటి ఉంది. వాసనొస్తదని, పక్క రూమోళ్లు నవ్వుతరని దాన్ని పెట్టె అడుగున దాచిపెట్టాం. ఆ రోజు మాకు సిగ్గేసింది. అందుకే ఆముదం చరిత్ర మాకు తెలిసినంత రాస్తున్నాం.

మన పెద్దోళ్లు ఆముదాన్ని రెండు రకాలుగా చెప్తరు. గానుగలో ఆడించింది గానుగాముదం. ఇంట్ల తీసింది వంటాముదం. గింజలను వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లల్ల వేసి మరిగిస్తే నూనె పైకి తేలుతది. దాన్ని మెల్లగా తీసి, మళ్లీ కాచి తడి పోగొడితే వంటాముదం తయారు. ఇది వట్టి చేతిపని అనుకోకండి. ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటది. అది నూనెలోకి రాదు, పిండిలోనే మిగులుతది. బాగా మరిగించినప్పుడు వేడికి ఆ విషం పని చెయ్యకుండా పోతది. గానుగ పిండిని పశువులకు పెట్టకుండా చేనుకు ఎరువుగా వేసిన మన ముసలోళ్లకు 'రిసిన్' అనే మాట తెల్వదు గానీ, ఏది ఎక్కడ వాడాలో తెలుసు.

ఇంట్ల దాని వాడకం లెక్కపెడితే ఒడవదు. తలకు, మడమల పగుళ్లకు ఆముదం. దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి పట్టిన మసిలో చుక్క ఆముదం కలిపితే కాటుక. కందిపప్పుకు కొద్దిగా పట్టించి ఎండబెడితే పురుగు పట్టదు. కాల్చిన గడ్డి మసిలో కలిపితే బండి ఇరుసుకు కందెన. చెప్పుల తోలు మెత్తబడాలన్నా అదే. అయితే అన్నీ మంచివే అని మేము అనం. పసిపిల్లల ముక్కుల్లో, నోట్లో ఆముదం పోసే అలవాటు మానాల్సిందే. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు రైలు సంగతి. 1874లో వాడి నుంచి హైదరాబాద్ వైపు నిజాం రైలు మార్గం మొదలైంది. 1900 ప్రాంతంలో గోదావరి లోయ రైలు మార్గం సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా పోయింది. మా రూం నుంచి వినిపించే అల్వాల్, బొల్లారం స్టేషన్ల లైను అదే. ఆ కాలంలో మన దేశంలోని చాలా రైల్వేల్లో దీపాలు వెలిగింది ఆముదంతోనే. యంత్రాలకు కందెనగా కూడా అదే పోసేవారు. కిరోసిన్ వచ్చినంక దీపం నుంచి మెల్లగా తప్పుకుంది.

ఇక్కడ మన లంబాడోళ్ల కథ కలుస్తది. రైలు రాకముందు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకొని దక్కన్ అంతా తిప్పింది మన పూర్వీకులే. రైలు, రోడ్డు వచ్చినంక ఆ బతుకుదెరువు పోయింది. ఎద్దుల మందలు కరిగిపోయినయి, తండాలు ఒకచోట నిలిచినయి. చాలామందికి దొరికింది నీళ్లు లేని ఎర్ర చెలక. ఆ చెలకలో, తక్కువ వానకు కూడా నిలబడే పంటల్లో ఒకటి ఆముదం. అంటే ఆముదం దీపాలతో నడిచిన రైలే మనోళ్ల ఎద్దులను ఆపేసింది, ఆనక మన చేతికి ఆముదం చేనే మిగిలింది. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆముదం అంత విస్తారంగా పండటం వెనక ఇట్లాంటి బతుకులు కూడా ఉన్నాయి.

దీపం ఆరిపోయినా ఆముదం పని ఒడవలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తిరుగుడు ఇంజన్ల విమానాలకు ఆముదమే పోసేవారు. అది పెట్రోల్‌లో కరిగిపోదు గనుక. ఇంగ్లండ్‌లో ఒక కంపెనీ 1909లో తన ఇంజన్ ఆయిల్‌కు 'క్యాస్ట్రాల్' అని పేరు పెట్టింది కూడా క్యాస్టర్ అనే మాట నుంచే.

మరి సబ్బుల్లోకి, లిప్‌స్టిక్‌లోకి ఎందుకొచ్చింది? ఆముదంలో దాదాపు 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం ఉంటది. వేరే వంటనూనెల్లో ఇంత ఉండదు. దానివల్లే ఆముదం అంత చిక్కగా, జిగటగా ఉంటది. పెదవి రంగును తనలో పట్టుకొని, పెదవికి అతుక్కొని నిలుస్తది. సబ్బులో కలిపితే పారదర్శకంగా వస్తది. హైడ్రోజన్ పట్టిస్తే మైనం లాగా గట్టిపడుతది, అదే బామ్‌లకు, డియోడరెంట్ కడ్డీలకు. గంధకామ్లం కలిపితే నీళ్లలో కలిసే 'టర్కీ రెడ్ ఆయిల్' అవుతది. 19వ శతాబ్దంలో బట్టలకు ఎర్ర రంగు అద్దడానికి దాన్నే వాడారు.

ఇప్పుడు ప్రపంచంలో పండే ఆముదంలో 80 శాతానికి పైగా మన దేశానిదే. అయితే అందులో చాలా భాగం గుజరాత్‌ది. ఒకప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ విస్తీర్ణం ఉండేది. 1968లో గుజరాత్ నుంచి జీసీహెచ్-3 అనే హైబ్రిడ్ వచ్చింది, దానికి నీటి వసతి తోడైంది. మన దగ్గర వాన మీదే ఆధారం. గెల పూతకొచ్చే వేళకు ముసురు పడితే బూజు తెగులు పట్టి గెలంతా కుళ్లిపోతది. పాలెం పరిశోధన కేంద్రం క్రాంతి, హరిత, పీసీహెచ్-111 లాంటివి ఇచ్చింది. రాజేంద్రనగర్‌లో 1977 నుంచి నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది. అయినా మన చెలకల్లో ఆముదం తగ్గి పత్తి వచ్చింది. అడ్తి దగ్గర గింజను కిలో లెక్కన అమ్ముకొని, దాన్నే పది గ్రాముల బామ్‌గా కొనుక్కొనేది మనమే.

'ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం' అని ఒక సామెత ఉంది. వెక్కిరింపుగా అంటరు. కానీ ఏ చెట్టూ బతకని నేలలో బతికిన చెట్టును వెక్కిరించడం ఎందుకు? ఆ నేలలో బతికినోళ్లం మనమే కదా.

మనలో కెమిస్ట్రీ చదివేటోళ్లు, అగ్రికల్చర్ చదివేటోళ్లు ఉన్నారు. నూనె తీయడంతో ఆగకుండా దానిమీద వచ్చే సరుకు మన జిల్లాల్లోనే ఎందుకు తయారు కావొద్దో వాళ్లు ఆలోచించాలి. మిగిలినోళ్లం ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు అవ్వ దగ్గర కూర్చొని వంటాముదం ఎట్ల తీస్తరో అడిగి రాసుకుందాం. చాలా తండాల్లో ఆ పని తెలిసినోళ్లు ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్లు పోతే దాన్ని ఏ సీసా మీదా చదువుకోలేం.

యాడి ఇచ్చిన సీసా ఇప్పుడు మా కిటికీలో ఉంది. వాసన అట్లనే ఉంది. ఎవరైనా అడిగితే ఏమిటో చెప్తున్నాం.