పది ప్రతుల పుస్తకం

గల్ఫుకు వచ్చిన మన పెద్దలు ఇంటికి ఉత్తరాలు రాశారు, టేపురికార్డరులో మాటలు నింపి కేసెట్లు పంపారు. పుస్తకం వేయడం మాత్రం తలకు మించిన పనిగానే ఉండిపోయింది. విజయవాడకో హైదరాబాదుకో పోవాలి, వెయ్యి ప్రతులైనా వేయకపోతే ప్రెస్సువారికి గిట్టదు, అమ్ముడుపోని కట్టలు అటకెక్కుతాయి.

తన రచనను తానే అచ్చు వేసుకోవడం మనకు కొత్త కాదు, చిన్నతనమూ కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ప్రారంభించిన ‘వివేకవర్ధని’ని మొదట మద్రాసులో అచ్చు వేయించి, తరువాత రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయమే పెట్టుకున్నారు. 1981లో గూటాల కృష్ణమూర్తిగారు లండనులో ‘మహాప్రస్థానం’ ప్రచురించినప్పుడు శ్రీశ్రీగారి చేతిరాతనే అచ్చుకెక్కించి, ఆయన గొంతును కేసెట్టుగా జత చేశారు. తెలుగు టైపుతో పనే లేకపోయింది! పరాయి దేశంలో ఉన్న మనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

అడిగినప్పుడు అడిగినన్ని ప్రతులు వేసే పద్ధతిని అమెరికాలో 1997లో లైట్నింగ్ ప్రింట్ అనే సంస్థ వ్యాపారంగా మొదలుపెట్టింది. పుస్తకం కంప్యూటరులో ఉంటుంది. ఒక్కరు కోరితే ఒక్క ప్రతే అచ్చయి, అట్ట అంటించుకొని బయటికి వస్తుంది. ప్రతి ఒక్కంటికి ఖర్చు ఎక్కువే, కాని అటకతో పని లేదు. 1982 నుంచి పుస్తక ప్రదర్శన జరుపుతున్న షార్జాలో 2017లో ప్రచురణ నగరం వెలసింది. ఆ సంస్థవారి ముద్రణ కేంద్రం అక్కడికీ వచ్చింది. అంటే మన ఇంటి పక్కకే.

చిక్కంతా లిపి దగ్గర. 2016 డిసెంబరులో అమెజాన్ వారు కిండిల్‌లో అయిదు భారతీయ భాషలకు చోటిచ్చారు. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. మనసు చివుక్కుమంది, దాచడమెందుకు? కాగితం పుస్తకానికైనా, తమ జాబితాలో లేని భాషను కొందరు తీసుకోరు, ముందే అడగాలి. బయట అమ్మదలచినవారు ప్రభుత్వ అనుమతి సంగతి కూడా కనుక్కోవాలి. ఈ దేశంలో 1980 నాటి ముద్రణ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది.

మాలో ఒకరి తండ్రిగారు తాము ఈ దేశానికి వచ్చిన తొలి రోజులను నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నారు. దాన్ని అచ్చుకు పంపితే, తిరిగి వచ్చిన నమూనా ప్రతిలో వత్తులన్నీ అక్షరాలను విడిచి, చుక్కల సున్నాల పక్కన దిక్కులేకుండా నిలబడ్డాయి. పెద్దాయన పేరే చదవరాలేదు. ఫాంటును ఫైలులోనే పొదిగి పంపాలని అప్పుడు తెలిసింది. మనవలకు తెలుగు చదవడం రాదు కనుక ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు పెట్టించాము.

పది ప్రతులే వేయించాము. తొమ్మిది మనవలకూ బంధువులకూ వెళ్ళాయి. పదోది ఆయన దిండు పక్కన ఉంది. అందులోనూ అచ్చుతప్పులు వెతికి పెన్నుతో దిద్దుతున్నారు.