కొమురం భీంకి అక్షరాలు ఎవరు నేర్పారు?

తెలుగు సినిమాలో మన చరిత్ర అనే ఈ వరసలో ఇది ఏడో భాగం. పోయిన భాగం ‘మాలపిల్ల’ మీద రాసినప్పటి నుంచి చాలామంది అడుగుతున్నది ఒకటే. అన్నా, ‘ట్రిపుల్ ఆర్’ సంగతేంది? అందులో హిందుత్వ రాజకీయం దాచిపెట్టారా లేదా, తేల్చి చెప్పు అని.

అడిగే తీరులోనే రెండు వర్గాలున్నాయి. ఒక వర్గం ఉందని తేల్చేసుకుంది. చివర్లో రామరాజు కాషాయం కట్టి, విల్లంబులు పట్టి, అచ్చం గుడిలో రాముడిలా నిలబడలేదా? భీం భుజాల మీద రాముణ్ని మోసి హనుమంతుడు కాలేదా? ‘ఎత్తర జెండా’ పాటలో శివాజీ, పటేల్, బోస్, భగత్ సింగ్ ఉన్నారు, గాంధీ లేడు, నెహ్రూ లేడు, మన అంబేద్కర్ లేడు. ఇంకేం కావాలి అంటారు. రెండో వర్గం: సినిమాను సినిమాలా చూడండి సార్, ఇది కల్పిత కథ అని రాజమౌళి ముందే చెప్పాడు కదా, ఆస్కార్ తెచ్చిన సినిమా మీద ఏడుపెందుకు అంటారు.

ఇక్కడో విషయం గుర్తు చేయాలి. 2020 అక్టోబర్‌లో టీజర్ వచ్చినప్పుడు భీం తలమీద ముస్లిం టోపీ కనబడింది. దాని మీద మొదట గొడవ చేసింది బీజేపీ వాళ్లే. ఆ టోపీ తీయకపోతే సినిమా ఆడనివ్వమని అప్పటి రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ హెచ్చరించాడు. 2022 మార్చిలో సినిమా వచ్చింది. టోపీ అలాగే ఉంది. భీం ఢిల్లీలో అఖ్తర్ పేరుతో ఒక ముస్లిం కుటుంబం నీడలో బతుకుతాడు, ఆ కుటుంబాన్ని సినిమా ప్రేమగానే చూపిస్తుంది. అంటే టీజర్‌లో ‘హిందూ వ్యతిరేకి’ అయిన సినిమా థియేటర్లోకి వచ్చేసరికి ‘హిందుత్వ ప్రచారం’ అయింది. దర్శకుడు మనసులో ఏం దాచాడో వెతుక్కుంటూ పోతే ఇలాగే ఉంటుంది, ఎవడికి కావలసింది వాడికి దొరుకుతుంది. నాకు ఆయన మనసుతో పని లేదు. దాచనిది, తెరమీద అందరూ చూసి చప్పట్లు కొట్టినది, నాకు దానితో పని.

చివరి సీన్ గుర్తు తెచ్చుకోండి. యుద్ధం అయిపోయింది. నీకేం కావాలని రామరాజు అడుగుతాడు. నాకూ నా వాళ్లకూ చదువు కావాలంటాడు భీం. అప్పుడు రామరాజు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాస్తాడు.

థియేటర్లో మనవాళ్లు కూడా విజిల్ వేసిన చోటు ఇది. ఎందుకు వేశారో నాకు తెలుసు. బాబాసాహెబ్ మనకు చెప్పిన మొదటి మాట చదువు. ఆ మాట తెరమీద వినబడితే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఎవరు ఎవర్ని అడుగుతున్నారో చూశారా? ఎవరి నినాదం ఎవరి చేతిరాతలో వస్తోందో చూశారా?

ఇప్పుడు చరిత్రలోకి పోదాం. ఆదిలాబాద్ గోండుల్లో తరతరాలుగా చెప్పుకునే భీం కథలో, సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవలతో రాష్ట్రమంతా తెలిసిన భీం కథలో, ఆయన నిరక్షరాస్యుడు కాదు. సాగు చేసుకుంటున్న భూమి మీదికి సిద్దిఖీ అనే వాడు వచ్చి నాదంటే, ఆ గొడవలో వాణ్ని చంపి ఊరు విడిచాడు. చంద్రపూర్ చేరాడు. అక్కడ అచ్చాపీసు నడిపే విఠోబా అనే ఆయన దగ్గర పనికి కుదిరి, చదవడం రాయడం నేర్చుకున్నాడు. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ పట్టుకున్నాడు. విఠోబాను పోలీసులు పట్టుకుపోయాక అస్సాం తేయాకు తోటలకు కూలీగా పోయాడు. అక్కడి కూలీల గొడవల్లో దిగి జైలు పాలై, తప్పించుకొని తిరిగొచ్చాడు. ఇదీ గోండులు మోసుకొచ్చిన భీం. అచ్చాపీసులో అక్షరం దిద్దినవాడు, తోటల్లో కూలీ సంఘం రుచి చూసినవాడు. గోండుల చరిత్రను కింగ్రి వాయిస్తూ పాడే పర్ధాన్లున్న జాతి అది. జ్ఞాపకానికి కొదవలేదు.

తిరిగొచ్చి ఏం అడిగాడు? జోడేఘాట్, బాబేఝరి లాంటి పన్నెండు గూడేల భూములకు పట్టాలు, అక్కడ తమ పాలన. ఎవర్ని అడిగాడు? తెల్లదొరను కాదు, నిజాంను. ఆదిలాబాద్ బ్రిటిష్ వాళ్ల కింద లేదు. గోండులను పీడించింది గవర్నర్ పెళ్లాం కాదు. అడవిని రిజర్వు చేసి పశువుల మేతకు పన్ను వేసిన జంగ్లాతు వాళ్లు, పటేల్ పట్వారీలు, మైదానం నుంచి వచ్చి భూములు రాయించుకున్న వాళ్లు. ఆ వచ్చినవాళ్లలో ముస్లింలున్నారు, హిందువులూ ఉన్నారు, తెలుగువాళ్లూ మరాఠీలూ ఉన్నారు. నిజాం సర్కారు మాట వినలేదు. 1940లో జోడేఘాట్ గుట్టమీద తుపాకులతో వచ్చి భీంనీ ఆయన మనుషుల్నీ కాల్చేసింది. ఇప్పటికీ ప్రతి ఏడూ ఆశ్వయుజ పున్నమికి అక్కడ గోండులు కూడుతారు.

సినిమా ఈ శత్రువుల్ని ఏం చేసింది? నిజాంను ఒక రాయబారికి కుదించింది. జంగ్లాతు లేదు, పట్వారీ లేడు, భూములు రాయించుకున్న సావుకారు లేడు. ఉన్నది ఎత్తుకుపోయిన మల్లి అనే చిన్నపిల్ల ఒక్కతే. భూమి గొడవ పిల్ల గొడవ అయింది. హిందుత్వ సినిమానే తీయాలనుకుంటే నిజాం చేతికందిన విలన్, ఆయన్ని ఎందుకు వదిలేస్తారు? నాకేమనిపిస్తుందంటే, నిజాంను చూపిస్తే ఆయన కింద పట్టాలు రాయించుకున్న మనవాళ్లను కూడా చూపించాలి. వాళ్ల మనవలు టికెట్ కొనేవాళ్లు. తెల్లదొర అయితే టికెట్ కొనడు.

గోండులకు చదువు లేదన్నది అబద్ధం కాదు, ఆ రోజుల్లో గూడేల్లో బడి లేదు. బడి ఎలా వచ్చిందో చూడండి. భీంని చంపాక నిజాం సర్కారుకు భయం పట్టుకుంది. అసలు ఈ గోండుల బాధేంటో చూడమని హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుణ్ని పంపింది. ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకొని ఉన్నాడు. భూమి పోవడమే అసలు రోగమని తేల్చాడు. ఆ తర్వాతే గోండులకు కొంతమేరకు పట్టాలు వచ్చాయి. 1943లో అదే మార్లవాయిలో గోండు కుర్రాళ్లను టీచర్లుగా తయారు చేసే బడి మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి, గోండు పంతుళ్లు గోండు పిల్లలకు చెప్పారు. ఆ బడి ఏ రామరాజూ ఇచ్చిన వరం కాదు. జోడేఘాట్‌లో పారిన నెత్తురుకు సర్కారు కట్టిన బాకీ, అదీ సగమే.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. సినిమాలో కొరడా దెబ్బల సీన్ ఉంది చూడండి, సుద్దాల అశోక్ తేజ రాసిన పాట వచ్చేది. అక్కడ భీం మోకాలు వంచడు. అది చూసి జనం కదులుతారు. తుపాకులు తెస్తే తప్ప జనం లేవరనుకున్న రామరాజు అక్కడ నేర్చుకుంటాడు. అంటే సినిమా నడిమిట్ల గురువు భీం, శిష్యుడు రాముడు. ఆ సీన్ కోసం నేను రెండుసార్లు చూశాను, మళ్లీ చూస్తాను కూడా. అందుకే చివర్న కోపం వస్తుంది. నేర్పినవాడి చేతిలోంచే పలక లాక్కొని, నేర్చుకున్నవాడి చేతికిచ్చారు.

ఇది బీజేపీ పుట్టాక వచ్చిన అలవాటని అనుకోకండి. 1938 ‘మాలపిల్ల’లో మాలవాళ్లను పైకి లాగే చెయ్యి ఎవరిదో పోయిన భాగంలో రాశాను. 1974లో కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. తెలుగువాళ్లు ఈనాటికీ కళ్లు తుడుచుకునే సినిమా. అందులోనూ మన్యం అంటే రాజు గారి వెనక కదిలే గుంపే మనకు గుర్తుంటుంది. కానీ 1922లో రాజు దిగకముందే అక్కడ పితూరీలున్నాయి. 1879 రంప తిరుగుబాటు నాటికి రాజు పుట్టనేలేదు. 1882 అడవి చట్టం పోడు మీద పడింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలి సరిగా కూలి ఇవ్వలేదు. గాం గంటం దొర, గాం మల్లు దొర కడుపు మంట అక్కడిది. రాజు త్యాగాన్ని నేను తక్కువ చేయను, ఆయన ప్రాణం ఇచ్చాడు. మల్లు దొర మాత్రం బతికి, శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆయన మీద సినిమా ఉందా? పోనీ, ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

కాబట్టి ‘హిందుత్వ ఉందా’ అని అడిగే తమ్ముళ్లకు నా జవాబు ఇది. కాషాయం బట్టను మాత్రమే చూస్తే, అది తీసేసి తెల్లపంచె కట్టించినా మీకు అంతా బాగానే కనబడుతుంది. ఆదివాసీకి బలం ఉంటుంది, బుద్ధి ఇంకొకడు చెప్పాలి, ఆయన పోరాటానికి పేరు ఇంకొకడు పెట్టాలి అనే వరస కాంగ్రెస్ కాలంలోనూ ఉంది, కమ్యూనిస్టు పాటల్లోనూ ఉంది. కాషాయం వాళ్లకు అది సిద్ధంగా దొరికింది, అంతే.

ఇదంతా పాత పంచాయితీ కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలోనే 13 మంది పోయారు. అప్పుడు నిజాం లేడు, తెల్లదొర లేడు. 2016లో జిల్లాకు కొమురం భీం పేరు పెట్టుకున్నాం, పోడు పట్టాల గొడవ మాత్రం ఆ జిల్లాలోనే తెగలేదు. ఆ గూడేల పిల్లలు ఫోన్లో ఈ సినిమా చూస్తారు. తమ తాత రాముడి దగ్గర చదువు అడుక్కున్నాడని నేర్చుకుంటారు. వాళ్లకు చంద్రపూర్ అచ్చాపీసు సంగతి మీరు చెప్పండి.

వచ్చే భాగం గూడెం రోడ్డు కూలీల మీద. గంటం దొర ముఠా ఎందుకు పోయింది, బాస్టియన్ ఎవరు, అక్కడి నుంచి మొదలుపెడదాం.